పరాయివాడా, పేదవాడా? అరబ్బీ నవల తెలుగును చేరే దారిలో సంభాషణ భాష

అరబ్బీ సాహిత్యం తెలుగు పాఠకుడికి ఏనాటి నుంచో పరిచితమే అన్న భావన ఒకటి స్థిరపడి ఉంది. ఈ పరిచయం దేనితో ఏర్పడిందో పరిశీలిస్తే చిత్రమైన సంగతులు బయటపడతాయి. అరేబియా కథలనగానే మొదట గుర్తుకు వచ్చేవి అల్లావుద్దీన్ దీపం, ఆలీబాబా గుహ. 1957లోనూ 1970లోనూ వచ్చిన సినిమాలు వీటిని ఇంటింటి కథలు చేశాయి. అయితే ‘అల్ఫ్ లైలా వ లైలా’ను 1704-1717 మధ్య 12 సంపుటాలుగా ఫ్రెంచిలోకి తెచ్చిన ఆంట్వాన్ గాలాన్ ఆధారం చేసుకున్న సిరియా రాతప్రతిలో ఈ రెండు కథలూ లేవు. అలెప్పో నుంచి పారిస్ వచ్చిన హన్నా దియాబ్ అనే యువకుడు 1709లో నోటిమాటగా చెప్పగా గాలాన్ వాటిని రాసుకుని, పెంచి, తన సంపుటాల్లో చేర్చాడు. అంతకు ముందరి అరబ్బీ ప్రతి ఏదీ నేటివరకు దొరకలేదు. ఇక ఖలీల్ జిబ్రాన్ ‘ది ప్రాఫెట్’ (1923) కాళోజీ ‘జీవన గీత’ ద్వారా తెలుగుకు ఆత్మీయమైంది. ఆ పుస్తకాన్ని జిబ్రాన్ రాసింది ఆంగ్లంలోనే. ఉమర్ ఖయ్యాం రుబాయీలను కూడా కొందరు ఈ ఖాతాలోనే జమ చేస్తుంటారు గాని అవి పారశీకం. అంటే ‘అరబ్బీ’ పేరిట తెలుగువారు ఎక్కువగా ప్రేమించిన వాటిలో ఒకటి ఫ్రెంచి పుస్తకంలో పుట్టింది, ఒకటి ఆంగ్లంలో, ఒకటి పారశీకంలో.

ఇందులో తెలుగువారి తప్పేమీ లేదు. కథలు దారి మార్చుకుంటూనే ప్రయాణిస్తాయి. పంచతంత్రం పహ్లవీ మీదుగా ఎనిమిదో శతాబ్దంలో ఇబ్న్ అల్ ముఖఫ్ఫా చేతిలో ‘కలీలా వ దిమ్నా’గా మారి, అక్కడి నుంచి ఐరోపాకు పాకింది. ఆ ఇద్దరు నక్కలు చిన్నయసూరి ‘నీతిచంద్రిక’ (1853) చదివిన ప్రతి తెలుగు విద్యార్థికీ కరటక దమనకులుగా తెలుసు. దారి మారడం సమస్య కాదు. ఏ దారిన వచ్చిందో చదివేవారికి, అనువదించేవారికి, ముఖ్యంగా విమర్శకులకు తెలియకపోవడం సమస్య. ఆధునిక అరబ్బీ నవల విషయంలో ఈ తెలియనితనం వల్ల జరుగుతున్న నష్టం ఎలాంటిదో, ప్రధానంగా సంభాషణ భాష కోణం నుంచి, యూసుఫ్ ఇద్రీస్, గస్సాన్ కనఫానీ, జోఖా అల్‌హార్సీ రచనల ఆధారంగా ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

ఒకే ద్వారం

నగీబ్ మహఫూజ్‌కు 1988లో నోబెల్ బహుమతి వచ్చేదాకా ఆంగ్ల ప్రచురణ ప్రపంచంలో అరబ్బీ నవలకు చోటు చాలా స్వల్పం. ఆ బహుమతికి ఎనిమిదేళ్ల ముందు తృతీయ ప్రపంచ నవలల జాబితా ఒకటి ఇవ్వమని కోరిన న్యూయార్క్ ప్రచురణకర్త, మహఫూజ్ పేరు చూసి, అరబ్బీ వివాదాస్పదమైన భాష అన్న కారణంగా వెనకడుగు వేసిన సంగతిని ఎడ్వర్డ్ సయీద్ 1990లో రాశాడు. ఒక భాషే వివాదాస్పదమెలా అవుతుందన్న ప్రశ్న ఆ వ్యాసానికి ఆయువుపట్టు. ‘కైరో త్రయం’ అరబ్బీలో 1956-57లో వెలువడితే ఆంగ్లంలో 1990-92లో గాని రాలేదు. ముప్ఫై మూడేళ్ల పైచిలుకు ఆలస్యం. ఆధునిక అరబ్బీ కథనాన్ని తెలుగు విమర్శ చర్చించినప్పుడు ఆంగ్లానువాదాన్నే ఆధారం చేసుకోవడం ఆనవాయితీ అయినందున ఆ ఆలస్యం, ఆ ఎంపిక, ఆ వివాదం కూడా తెలుగుకు సంక్రమించాయి. ఏ నవల గొప్పదో నిర్ణయించేది లండన్, న్యూయార్క్ ప్రచురణల జాబితా, దాని వెనుక ఒక బహుమతి. తెలుగు పాఠకుడి చేతికి వచ్చేది ఆ రెండో వడపోత తరువాత మిగిలిన పుస్తకం.

ఎంపిక సంగతి అలా ఉంచి, ఎంపికైన పుస్తకానికి ద్వారం దగ్గర ఏం జరుగుతుందో పేర్ల నుంచే గమనించవచ్చు. ఒమాన్ రచయిత్రి జోఖా అల్‌హార్సీ 2010లో రాసిన నవల పేరు ‘సయ్యిదాత్ అల్ ఖమర్’. మార్లిన్ బూత్ అనువాదం ‘సెలెస్టియల్ బాడీస్’గా 2018లో వచ్చి, 2019లో మాన్ బుకర్ అంతర్జాతీయ బహుమతి పొందింది. అరబ్బీ మూలానికి ఆ బహుమతి దక్కడం అదే మొదటిసారి. ఆంగ్ల శీర్షిక అందంగానే ఉంది. కాని ఖమర్ అంటే చంద్రుడు, సయ్యిదాత్ అంటే దొరసానులు, యజమానురాండ్రు. నవలలో చంద్రుడు ఆకాశంలో మాత్రమే లేడు. ముగ్గురు అక్కచెల్లెళ్ల తండ్రి అజ్జాన్ మనసుపడ్డ బదూ స్త్రీ నజియాకు ‘ఖమర్’ అని మారుపేరు. ‘సయ్యిద్’ అన్నమాట యజమానికి చెల్లేది. 1970 దాకా బానిసత్వం చట్టబద్ధంగా నడిచిన సమాజంలో, వర్తకుడు సులైమాన్ ఇంట బానిసగా బతికి అతని కొడుకు అబ్దుల్లాను పెంచిన జరీఫా కథ ఉన్న నవలలో, ఆ మాట శీర్షికలో ఊరికే పడి ఉండదు. ఆంగ్ల శీర్షిక నుంచి యజమానురాలు తప్పుకుంది, గ్రహాలు మిగిలాయి.

తెలుగులో ‘దొరసాని’ అన్నమాట ఉంది. తెలంగాణలో ఆ మాటకు గడీ నీడ ఉంది, వెట్టి జ్ఞాపకం ఉంది, కొంత గౌరవమూ కొంత భయమూ ఉన్నాయి. ‘చందమామ దొరసానులు’ మంచి శీర్షిక అవునా కాదా అన్నది వేరే చర్చ. మూలానికి దగ్గరగా వెళ్లగల మాట తెలుగులో సిద్ధంగా ఉండగా, ‘ఖగోళ వస్తువులు’ అనో ‘నభోమూర్తులు’ అనో ఆంగ్లం వెంట నడవడం మాత్రం అనవసరమైన పేదరికం.

రెండు భాషల ఇల్లు

అరబ్బీని మధ్యభాష ద్వారా చదివినప్పుడు మొట్టమొదట మాయమయ్యేది దాని అంతర్గత ద్వైధం. రాతకు ఫుస్‌హా, నోటికి ఆమ్మియా. మొదటిది మొరాకో నుంచి ఇరాక్ దాకా చదువుకున్నవారందరికీ ఒకటే, రెండవది ఊరూరికీ మారుతుంది. చార్లెస్ ఫెర్గూసన్ 1959లో ద్విస్థితిని సిద్ధాంతీకరించినప్పుడు ఎంచుకున్న నాలుగు ఉదాహరణల్లో అరబ్బీ ఒకటి. అందులో తెలుగు లేదు గాని, గ్రాంథిక వ్యావహారిక వివాదాన్ని చూసినవారికి ఆ వర్ణన పరాయిదిగా తోచదు.

రెండు చరిత్రలనూ పక్కపక్కన పెడితే కాలం కూడా కలిసివస్తుంది. గురజాడ ‘కన్యాశుల్కం’ సమూలంగా మార్చి రాసిన కూర్పు 1909లో వెలువడింది. ముహమ్మద్ హుసేన్ హైకల్ ‘జైనబ్’ 1913లో కైరోలో అచ్చయింది. కథనమంతా ఫుస్‌హాలో నడిపి, పల్లె మనుషుల మాటలను ఈజిప్టు వాడుకలో పెట్టిన హైకల్, పుస్తకం మీద తన పేరు వేసుకోలేదు. ‘మిస్రీ ఫల్లాహ్’, అంటే ఈజిప్టు రైతు, అని వేసుకున్నాడు. న్యాయవాది నవల రాయడమే చిన్నతనంగా భావించే రోజులవి. పల్లె మాటల నవలకు పల్లె మనిషి పేరే ముసుగు కావడం మాత్రం ఆలోచించదగినది.

అక్కడి నుంచి దారులు వేరయ్యాయి. తెలుగులో గిడుగు వాదం నెగ్గింది. నెగ్గిన వ్యావహారికం ఏ జిల్లాలది, ఏ వర్గాలది అన్న ప్రశ్న తెలంగాణ, రాయలసీమ, ఉత్తరాంధ్ర రచయితల నుంచి తరువాత వచ్చింది. అరబ్బీలో ఫుస్‌హా నెగ్గనూ లేదు, ఓడనూ లేదు. మతగ్రంథ భాషగానూ, దేశాల సరిహద్దులు దాటిన ఉమ్మడి భాషగానూ దానికున్న బలం గ్రాంథిక తెలుగుకు ఏనాడూ లేదు. ఈ తేడాను మరచి రెండింటినీ సమీకరించడం తొందరపాటే అవుతుంది. ఫలితంగా అక్కడ ప్రతి రచయితా, ప్రతి పుస్తకానికీ, తన పాత్రలు ఏ భాషలో మాట్లాడాలో నిర్ణయించుకోవలసి వచ్చింది. తౌఫీక్ అల్ హకీమ్ ‘అస్సఫ్‌ఖా’ (1956) నాటకంలో ‘మూడో భాష’ను ప్రయత్నించాడు. ఒకే వాక్యాన్ని ఫుస్‌హాగానూ, వాడుకగానూ పలకగలిగేలా కూర్చడం ఆ ప్రయోగం. అదే 1956లో యూసుఫ్ ఇద్రీస్ కథల సంపుటికి ముందుమాట రాసిన తాహా హుసేన్, కథకుడిని మెచ్చుకుంటూనే ఫుస్‌హా పట్ల శ్రద్ధ చూపమని హితవు చెప్పాడు. ఇద్రీస్ వినలేదు. తయ్యిబ్ సాలిహ్ ‘ఉర్స్ అజ్జైన్’లో సూడాన్ పల్లె మాటకు పట్టం కట్టాడు. అక్కడ సంభాషణ భాష ఎప్పుడూ ఒక ఎంపికే, ఆ ఎంపిక వెనుక రచయిత వైఖరి ఉంటుంది.

ఆంగ్లానువాదంలో ఈ ఎంపిక కనిపించదు. కనిపించేలా చేయడం ఆంగ్లంలో కష్టం. పల్లె ఈజిప్షియన్ చేత లండన్ కూలివాడి యాసలో మాట్లాడిస్తే నవ్వులపాలవుతుంది. అందుచేత అనువాదకులు చదునైన, మర్యాదైన ఆంగ్లాన్ని ఆశ్రయిస్తారు. అది వారి పాఠకుల కోసం వారు చేసుకున్న సర్దుబాటు. సర్దుబాటుకు ఒప్పుకోని అనువాదకులకు ఇబ్బందులూ ఎదురయ్యాయి. రజా అస్సానియా ‘బనాత్ అర్రియాద్’ (2005) ఆంగ్లంలో 2007లో వచ్చినప్పుడు, తన అనువాదంలో తన ప్రమేయం లేకుండా మార్పులు జరిగాయని, మాండలికాల వైవిధ్యం కొట్టుకుపోయిందని మార్లిన్ బూత్ బహిరంగంగా నిరసించారు. అలా చదునైన ప్రతినే తెలుగు అనువాదకుడు మూలంగా తీసుకుంటే ఏమవుతుంది? పాత్రలన్నీ ఒకే పుస్తక భాష మాట్లాడతాయి, లేదా అనువాదకుడు తన ఉత్సాహం కొద్దీ అందరికీ ఏదో ఒక యాస తొడుగుతాడు. ఈ రెండో ప్రమాదం మొదటిదానికంటే ఎక్కువ మోసకారి.

ఇద్రీస్, కనఫానీ: మౌనంగా మాయమైన తేడా

ఇద్రీస్ ‘అల్ హరామ్’ (1959), కనఫానీ ‘రిజాల్ ఫిష్షమ్స్’ (1963) రెండూ వలస కూలి బతుకుల మీద రాసిన చిన్న నవలలు. రెండింటిలోనూ పేద మనుషులే ప్రధానం. రెండింటికీ ఆంగ్లానువాదాలు ఉన్నాయి. కనఫానీ నవలను హిలరీ కిల్‌పాట్రిక్ 1978లో, ఇద్రీస్ నవలను క్రిస్టిన్ పీటర్సన్-ఇషాక్ ‘ది సిన్నర్స్’గా 1984లో వెలువరించారు. ఆంగ్లంలో చదివితే ఈ రెండు నవలల పాత్రలూ ఇంచుమించు ఒకే తీరున మాట్లాడుతున్నట్టు ఉంటుంది. అరబ్బీలో అలా లేదు. ఇద్రీస్ కూలీలు, కావలివాళ్లు, గుమాస్తాలు ఈజిప్టు వాడుకలో మాట్లాడతారు. కనఫానీ పలస్తీనా పల్లెటూరి వృద్ధుడు, పదహారేళ్ల మర్వాన్, లారీ డ్రైవరు ఫుస్‌హాలో మాట్లాడతారు. మొదటిది చెవికి విన్నట్టు ఉంటుంది. రెండవది న్యాయస్థానం ఎదుట ఇచ్చిన వాంగ్మూలంలా ఉంటుంది. కనఫానీ మనుషులకు ఊరు లేదు. ఊరి యాసను పట్టి చెప్పడానికి ఆ ఊరే పటం నుంచి చెరిగిపోయింది. వారు మాట్లాడేది ఏ దేశంలోని అరబ్బు చదివినా అర్థమయ్యే భాష. చివర్లో డ్రైవరు వేసే ఆ ప్రసిద్ధమైన ప్రశ్న, లోపలున్నవారు ట్యాంకు గోడలు ఎందుకు కొట్టలేదన్నది, ఫుస్‌హాలో ఉండబట్టే అది ఒక డ్రైవరు ప్రశ్నగా మిగిలిపోలేదు.

ఇక్కడ తెలుగు అనువాదకుడు మంచి ఉద్దేశంతో తప్పటడుగు వేయగలడు. పేదవాడి మాట యాసలో ఉండాలన్నది నేటి తెలుగు సాహిత్యంలో బలంగా వేళ్లూనిన విలువ, అందుకు తగిన కారణాలూ ఉన్నాయి. ఆ విలువతో కనఫానీని కరీంనగర్ యాసలోకి తెస్తే పాఠం సజీవంగా వినిపించవచ్చు, కాని కనఫానీ చేసిన నిర్ణయం తలకిందులవుతుంది. అదే యాస ఇద్రీస్‌కు సరిగ్గా సరిపోతుంది. ఏ పుస్తకానికి ఏది కావాలో ఆంగ్ల ప్రతి చెప్పదు. మూలాన్ని చూసినవారే చెప్పాలి.

‘అల్ హరామ్’ను కొంత నిదానంగా చూడటం అవసరం. నైలు డెల్టాలోని ఒక పెద్ద వ్యవసాయ క్షేత్రం. తెల్లవారుజామున కావలివాడికి ఒక పసికందు శవం దొరుకుతుంది. క్షేత్రాధికారి ఫిక్రీ ఎఫెండి తల్లి కోసం వెతుకుతాడు. అనుమానం ముందుగా పడేది పత్తి పురుగు ఏరడానికి దూరపు ఊళ్ల నుంచి వచ్చి, క్షేత్రం అంచున మందలా మసలే వలస కూలీల మీద. పెద్ద గుమాస్తా మసీహా ఎఫెండి మాత్రం లోలోపల తన కూతురు లిండానే అనుమానించి కుమిలిపోతాడు. తల్లి అజీజా దొరికేసరికి ప్రసూతి జ్వరంతో ఆమె బతుకు చివరికొచ్చి ఉంటుంది. జబ్బుపడ్డ భర్త చిలగడదుంప తినాలని ఉందంటే, దానికోసం కోసేసిన చేలో తవ్వుతుండగా చేను వారి మనిషి ఆమెను చెరిచాడు. బిడ్డను కన్న మరునాడు కూడా, కూలి పోతుందని, వంగి పురుగు ఏరింది. నవల నడిచేకొద్దీ ఊరివాళ్ల ఆసక్తి నిందగా, నింద కుతూహలంగా, కుతూహలం జాలిగా మారుతుంది. చివరికి, ప్రసవ వేళ ఆమె పళ్ల మధ్య కరచిపట్టిన కర్ర నుంచి మొలిచిందని చెప్పుకునే చెట్టు ఆకుల కోసం పిల్లలు లేని స్త్రీలు వస్తారు. మన పల్లెల్లో పేరంటాళ్లు వెలసిన తీరు తెలిసినవారికి ఈ ముగింపును వివరించనక్కరలేదు.

ఆంగ్ల శీర్షిక ‘ది సిన్నర్స్’ పాపాన్ని మనుషులకు అంటగట్టింది. అరబ్బీ శీర్షికలో మనుషులు లేరు, నిషిద్ధం అన్న నియమం ఉంది. ఆ గీత ఎవరు గీశారు, ఎవరి చుట్టూ గీశారు అన్నదే నవల అడిగేది. పైగా అక్రమ సంతానమనే అర్థచ్ఛాయ ఆ మాటలోనే ఉంది. దక్కనీ ఉర్దూ పొరుగున పెరిగిన తెలుగుకు ‘హరామ్’ తెలుసు, దానినుంచి పుట్టిన తిట్టూ తెలుసు. ‘హరామ్’ అనే శీర్షికను తెలుగులో యథాతథంగా ఉంచవచ్చు. ఆంగ్లానికి దక్కని సౌకర్యమిది.

దగ్గరితనమే ఉచ్చు

అయితే ఈ దగ్గరితనాన్ని అతిగా నమ్మడం కూడా ప్రమాదమే. తారీఖు, హాజరు, జవాబు, వకీలు, వసూలు, జప్తు, అసలు, నకలు, చివరికి రైతు కూడా పారశీకం, ఉర్దూల మీదుగా తెలుగుకు వచ్చిన అరబ్బీ మాటలే. కోర్టు కాగితం, రెవెన్యూ కాగితం నిండా అరబ్బీ ధాతువులున్న భాష మనది. కాని దారిలో మాటలు అర్థం మార్చుకున్నాయి. ‘అల్ హరామ్’లో క్షేత్రవాసులు వలస కూలీలను పిలిచే పేరు ‘గరాబ్వా’. దాని ధాతువు గ-ర-బ. సూర్యుడు అస్తమించే దిక్కు, పడమర, పరాయితనం, ప్రవాసం అన్నీ ఆ ధాతువు నుంచే. మగ్రిబ్ నమాజులో వినిపించేది ఇదే. అరబ్బీలో ‘గరీబ్’ అంటే పరాయివాడు, ఎరగనివాడు. అదే మాట ఉర్దూలోకి, అటునుంచి తెలుగులోకి వచ్చేసరికి పేదవాడు అయింది. ఊరు విడిచి వచ్చినవాడు పేదవాడై ఉండటం అంత సహజమని భావించిన సమాజాల చరిత్ర ఆ అర్థపరిణామంలో ఇమిడి ఉండవచ్చు.

‘గరాబ్వా’ను తెలుగులో ఏమనాలి? ‘గరీబోళ్లు’ అనడానికి నోరూరుతుంది. మాట ఒకటే, ధాతువు ఒకటే, యాస కూడా కుదిరింది. కాని అలా అంటే తెలుగు పాఠకుడికి వినిపించేది పేదరికం ఒక్కటే. క్షేత్రంలో స్థిరంగా ఉండే కౌలు రైతులూ పేదవాళ్లే. వారికీ వీరికీ మధ్య గీత గీసింది డబ్బు కాదు, ఎక్కడివాళ్లన్న ప్రశ్న. తమలాంటి పేదవాళ్లనే పరాయివాళ్లుగా చూసి, నేరం వారిదే అయి ఉంటుందని ఒక ఊరు ఎంత సులువుగా నమ్మిందో చెప్పడం ఇద్రీస్ కథకు ప్రాణం. కనుక ‘గరీబోళ్లు’ తప్పు. ‘వలస కూలీలు’ సరైనదే గాని అది పత్రికల మాట, అందులో ఈసడింపు లేదు. ‘బయటోళ్లు’, ‘పరాయోళ్లు’ వంటివి మేలు. పాలమూరు నుంచి ప్రాజెక్టుల పనులకు తరలిపోయిన కూలీలను ఆయా ఊళ్లవాళ్లు పిలిచిన పేర్లను ఎవరైనా సేకరిస్తే, ఇంతకంటే తగిన మాట దొరికే అవకాశం ఉంది. ఇలాంటి చోట క్షేత్ర పరిశోధన అనువాదానికి నిఘంటువు కంటే ఎక్కువ ఉపయోగపడుతుంది.

పేర్ల విషయంలో కూడా ఇటువంటి నష్టమే. కనఫానీ నవలలో మనుషుల్ని ఖాళీ నీళ్ల ట్యాంకులో కువైట్‌కు దాటించే డ్రైవరు అబుల్ ఖైజురాన్. ఆంగ్లంలో అది కేవలం ఒక పేరు. అబూ అంటే తండ్రి, ఖైజురాన్ అంటే బెత్తం, వెదురు. వెదురుబద్దలా పొడుగ్గా, సన్నగా ఉండేవాడు గనుక ఆ పేరు. 1948 యుద్ధంలో గాయపడి పుంసత్వం పోగొట్టుకున్న మనిషిని ప్రతి పుటలోనూ ‘తండ్రి’ అని పిలుస్తుంటారు. ముసలి అబూ ఖైస్ నిజంగానే ఖైస్ అనే కొడుకుకు తండ్రి, ఆ కొడుకు కోసమే బయలుదేరినవాడు. రెండు పేర్లూ పక్కపక్కన నిలిచి చేసే పని మౌనంగా ఉన్నా చాలా పదునైనది. భర్తను ‘పిల్లల నాయన’ అని ప్రస్తావించే అలవాటున్న భాష తెలుగు. ఒక్క వాక్యం పీఠికలో రాస్తే చాలు, పాఠకుడు మిగిలింది తానే అందుకుంటాడు.

తెలుగుకు మరో ఇబ్బంది ఉంది, దీనికి ఆంగ్లం గాని అరబ్బీ గాని సాయపడవు. అరబ్బీ సర్వనామం ఎదుటివారు స్త్రీయా పురుషుడా అని చెబుతుంది. ఆంగ్లం అదీ చెప్పదు. తెలుగు అడిగేది ఇంకొకటి: నువ్వా, మీరా? జరీఫా తాను పెంచిన అబ్దుల్లాను ఎలా పిలవాలి? అతడు ఆమె పాలబడ్డ పసివాడూ, యజమాని కొడుకూ. మొదట ‘నువ్వు’ అని, అతడి పెళ్లి తరువాత ‘మీరు’ అని మారాలా? ఆమె కొడుకు సంజర్, చట్టం తమను ఎప్పుడో విముక్తుల్ని చేసిందని తల్లితో వాదించి కువైట్ వెళ్లిపోయేవాడు, ఆ ఇంటివారిని ఏమని సంబోధిస్తాడు? ఈ నిర్ణయాలు తీసుకోకుండా ఒక్క సంభాషణా తెలుగులో నడవదు. నిర్ణయం తీసుకున్న క్షణాన నవలకు అంతవరకు లేని ఒక వ్యాఖ్యానం చేరుతుంది. దీన్ని లోపంగా చూడనక్కరలేదు. అనువాదకుడు విమర్శకుడు కూడా కాక తప్పని చోటు అది.

రెండో దారి

అరబ్బీ మాటలు తెలుగుకు నవాబుల కాలంలో మాత్రమే రాలేదు, ఇప్పటికీ వస్తున్నాయి. జగిత్యాల, నిజామాబాద్, సిరిసిల్ల, కడప, గోదావరి జిల్లాల నుంచి గల్ఫ్ వెళ్లినవారి నోట కఫీల్, అకామా వంటివి తెలుగు మాటలైపోయాయి. వదిలెయ్, పోనీ అనే అర్థంలో గల్ఫ్ అరబ్బీలో వాడే ‘ఖల్లి వల్లి’, తెలంగాణ పల్లెల్లో యజమాని దగ్గర నుంచి తప్పించుకుని పత్రాలు లేకుండా బతికే మనిషికి పేరైంది. ‘గరీబ్’ చేసిన ప్రయాణం వంటిదే ఇదీ. అయితే నడుమ ఆంగ్లం లేదు, నవాబు దర్బారూ లేదు. ఈ పదజాలం ఉన్న పాఠకుడు కనఫానీని చదివే తీరు వేరుగా ఉంటుంది. ఆంగ్ల విమర్శ ఆ నవలను పలస్తీనా సమష్టి విషాదానికి రూపకంగా చదవడం నేర్పింది. అది సరైన పఠనమే. కాని బస్రాలో లావుపాటి దళారి అడిగే 15 దీనార్లు, అంత ఇవ్వలేని మర్వాన్ బేరం, ఆగస్టు ఎండలో ముత్లా చెక్‌పోస్టు దగ్గర బస్రా నాట్యకత్తె గురించి పరాచికాలాడుతూ అధికారులు డ్రైవరును ఆపేసిన ఆ కొద్ది నిమిషాలు, దుబాయి వీసా కోసం ఏజెంటు చేతిలో పొలం పెట్టిన కుటుంబానికి రూపకాలు కావు. తెలుగు విమర్శ ఈ పఠనాన్ని చేయగలదు. ఆంగ్ల విమర్శను ఉటంకించి ఆగిపోతే చేయలేదు.

మూలాన్ని చూడటం అసాధ్యమేమీ కాదనడానికి పూర్వోదాహరణ తెలుగులోనే ఉంది. ఫిట్జెరాల్డ్ ఆంగ్లంతో తృప్తిపడక పారశీకం నేర్చుకుని ‘పానశాల’ రాసిన దువ్వూరి రామిరెడ్డి అందుకు ప్రసిద్ధుడు. ప్రతి అనువాదకుడూ అరబ్బీ నేర్వాలని కోరడం ఆచరణలో కుదరకపోవచ్చు, కాని అరబ్బీ తెలిసినవారితో కూర్చుని చేయడం కుదురుతుంది. హైదరాబాదులో అందుకు కావలసినవి దండిగా ఉన్నాయి. 1888లో ఏర్పడిన దాయిరతుల్ మఆరిఫ్ ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణంలోనే ఉంది. అల్ బిరూనీ ‘అల్ ఖానూన్ అల్ మసూదీ’ 1954-56లో మొదటిసారి సమగ్రంగా అచ్చయింది ఇక్కడే. కైరో, బైరూత్ పండితులు హైదరాబాదు ప్రతులను ఉటంకిస్తుంటారు. తెలుగు శాఖ, అరబ్బీ శాఖ ఒకే విశ్వవిద్యాలయంలో ఉన్నాయి. బార్కస్‌లో యెమెన్ హజ్రమౌత్ నుంచి వచ్చినవారి వారసులు తరాలుగా నివసిస్తున్నారు. అయినా అరబ్బీ నవల తెలుగుకు లండన్ మీదుగానే వస్తున్నది.

ఉమ్మడి అనువాదం వెంటనే సాధ్యపడకపోతే, అంతకంటే చిన్న పని ఒకటి ఇప్పుడే చేయవచ్చు. ఆంగ్లం నుంచి అరబ్బీ నవలను అనువదించేవారు, ఆ నవల మీద పరిశోధన చేసేవారు, మూలంలో సంభాషణలు ఫుస్‌హాలో ఉన్నాయా, ఏ దేశపు వాడుకలో ఉన్నాయా అన్నది అరబ్బీ చదవగలవారిని అడిగి తెలుసుకుని పీఠికలో ఒక్క వాక్యంగా రాయవచ్చు. శీర్షిక అక్షరార్థం, మారుపేర్ల అర్థం అదే పుటలో చేరవచ్చు. ‘రిజాల్ ఫిష్షమ్స్’కు అటువంటి పుట ఒకటి ఉంటే, ఆ ముగ్గురినీ ఏ యాసలో మాట్లాడించాలా అని అనువాదకుడు తడుముకోడు. డ్రైవరు పేరు దగ్గర పాఠకుడు ఒక్క క్షణం ఆగుతాడు.